పుస్తకం మౌనంగా ఉన్నచోట తీర్పు: డంజియన్ మాస్టర్లకు ఒక మార్గదర్శి

పది అడుగుల వెడల్పున్న రాతి నడవాలో ఓగర్ అనే భారీ రాక్షసప్రాణి తరుముకొస్తోంది. రోగ్ (దొంగ తరహా) పాత్ర ఆడుతున్న ఆటగాడు సంచిలోంచి నూనె సీసా తీసి, "వెనక నేల మీద నూనె పోసి పరుగెడతాను, అది జారి పడాలి" అంటాడు. డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాత్రధారణ ఆట ఐదవ ఎడిషన్ పుస్తకం నూనె గురించి చాలానే చెప్పింది. చదునైన నేల మీద ఒక సీసా ఐదడుగుల చదరం మేర పరుచుకుంటుంది; నిప్పంటిస్తే రెండు రౌండ్ల (ఒక్కొక్కటి ఆరు సెకన్లు) పాటు మండుతుంది; ఆ మంటలోకి అడుగుపెట్టిన ప్రాణికి 5 పాయింట్ల నష్టం కలుగుతుంది. అయితే ఆ నూనె మీద కాలు జారుతుందా, లేదా అన్న సంగతి మాత్రం అందులో లేదు. బల్ల చుట్టూ ఉన్న అందరూ ఆటను నడిపే డంజియన్ మాస్టర్ (డీఎం) ఏమంటారా అని ఎదురుచూస్తుంటారు.

ఇలాంటప్పుడు రెండు సులువైన సమాధానాలు నోటి చివర సిద్ధంగా ఉంటాయి. పుస్తకంలో రాసి లేదు కనుక జారదు అనడం ఒకటి. ఆలోచన బాగుంది కనుక ఓగర్ పడిపోయిందని వెంటనే ప్రకటించడం రెండవది. మొదటి సమాధానం విన్న ఆటగాడు ఇకమీదట తన పాత్ర కాగితం మీద ఉన్న మాటలు తప్ప మరేదీ ప్రయత్నించడు. రెండవది విన్న విజార్డ్ (మంత్రగాడి పాత్ర) ఆటగాడు, ఇదే పని చేసే గ్రీజ్ మంత్రాన్ని తాను ఎందుకు ఎంచుకున్నట్టని లోలోపల బాధపడతాడు. ఆట ఆగిపోకుండా, అరనిమిషంలో, ఇద్దరికీ న్యాయంగా తోచే తీర్పు చెప్పగలగడం డీఎం నేర్చుకోవలసిన పనులన్నిటిలోకీ ముఖ్యమైనదని నేను నమ్ముతాను. అది పుట్టుకతో అబ్బే విద్యేమీ కాదు. పద్ధతి తెలిస్తే ఎవరైనా సాధన చేయవచ్చు. ఆ పద్ధతి అంతటికీ ఆధారం ఇది: రాసి ఉన్న నియమం ఆటగాళ్లకు ముందుగా ఇచ్చిన మాట, డీఎం విచక్షణ పాచిక పడకముందు పని చేయాలి తప్ప పడిన తర్వాత కాదు. (ఇక్కడ చెప్పే అంకెలు 2014 నాటి పుస్తకాలవి; 2024లో సవరించిన పుస్తకాలతో ఆడేవారికి కొన్ని వివరాలు మారినా పద్ధతి మారదు.)

ఈ అధికారం ఎక్కడిది

నియమాలా, నిర్ణేత విచక్షణా అన్న వాదన ఈ ఆటకన్నా పాతది. ప్రష్యా సైన్యంలో లెఫ్టినెంట్‌గా ఉన్న రైస్విట్జ్ 1824లో, తన తండ్రి మొదలుపెట్టిన యుద్ధక్రీడను మెరుగుపరచి క్రీగ్స్‌పీల్ పేరుతో ప్రచురించాడు. పటం మీద రెండు పక్షాలు సైన్యాలను నడిపితే, నడుమ ఉన్న అంపైర్ పాచికలు వేసి, పట్టికలు చూసి నష్టాలు లెక్కగట్టేవాడు. కాలం గడిచేకొద్దీ ఆ పట్టికల బరువు ఆటను నెమ్మదింపజేసింది. 1876లో వెర్డీ డు వెర్న్వా అనే సైనికాధికారి, పట్టికలను పక్కనపెట్టి అనుభవం ఉన్న అంపైర్ నిర్ణయానికే ఆటను వదిలేయాలని వాదించాడు. పట్టిక నెమ్మది, మనిషి తీర్పు వేగం. పట్టిక అందరికీ ఒకటే, మనిషి తీర్పు మనిషికొక తీరు. ఇప్పటికీ మన బల్లల దగ్గర జరిగే వాదనలో ఈ నాలుగు మాటలకన్నా కొత్తది పెద్దగా లేదు.

1969లో అమెరికాలోని మినియాపొలిస్, సెయింట్ పాల్ జంట నగరాల్లో డేవిడ్ వెస్లీ నడిపిన బ్రౌన్‌స్టైన్ అనే ఆటలో ఒక్కొక్క ఆటగాడికీ ఒక్కొక్క వ్యక్తి పాత్ర దక్కింది. సైన్యానికి బదులు మనిషి చేతికి వచ్చేసరికి, ఆటగాళ్లు నియమాల్లో ఊహించని పనులు అడగడం మొదలుపెట్టారు, వెస్లీ అప్పటికప్పుడు తీర్పులు చెప్పవలసి వచ్చింది. ఆ బృందంలో ఆడిన డేవ్ ఆర్నెసన్, విస్కాన్సిన్‌లోని లేక్ జెనీవాకు చెందిన గ్యారీ గైగాక్స్‌తో కలిసి 1974లో డంజియన్స్ అండ్ డ్రాగన్స్ తెచ్చారు. తొలి పెట్టెలో ఉన్న మూడు చిన్న పుస్తకాల్లో ఖాళీలే ఎక్కువ, వాటిని పూరించేది డీఎం. ఊరికో తీరుగా ఆట సాగడం, పోటీల్లో ఇబ్బందులు తలెత్తడం చూసి గైగాక్స్ 1977 నుంచి 1979 వరకు అడ్వాన్స్‌డ్ డంజియన్స్ అండ్ డ్రాగన్స్ పుస్తకాలు తెచ్చి ఏకరూపత కోసం ప్రయత్నించాడు. 2000లో వచ్చిన మూడవ ఎడిషన్ దాదాపు ప్రతి పనికీ ఒక అంకె కట్టింది. 2008 నాటి నాలుగవ ఎడిషన్ నియమాలు ఇంకా బిగుతైనవే అయినా, దాని డీఎం పుస్తకంలోని 42వ పేజీలో, నియమం లేని పనికి ఎంత కష్టం, ఎంత నష్టం అన్నది స్థాయిని బట్టి చెప్పే పట్టిక ఒకటి ఉంది. విచక్షణకు నియమమే సాయపడగలదని ఆ ఒక్క పేజీ చూపించిందని నా అభిప్రాయం. 2014లో ఐదవ ఎడిషన్ మళ్లీ డీఎం తీర్పు వైపు మొగ్గింది. ఇన్నిసార్లు అటూ ఇటూ ఊగడానికి కారణం రచయితల చపలత్వం కాదు. బల్ల దగ్గర రెండు అవసరాలూ నిజంగానే ఉంటాయి.

తీర్పుకు ముందు

ఆటగాడు ఏదైనా కొత్త పని చెప్పినప్పుడు ముందుగా తెలుసుకోవలసినవి రెండు: పాత్ర చేతులతో ఏం చేస్తోంది, దానివల్ల ఏం జరగాలని ఆశిస్తోంది. ఈ రెండూ కలగలిసిపోవడం వల్లనే సగం గొడవలు వస్తాయి. "తలుపును పరీక్షిస్తాను" అన్న ఆటగాడు తలుపుకు చెవి ఆనించి వింటున్నాడో, గడియను వేళ్లతో తడుముతున్నాడో, దూరంగా నిలబడి దీపం ఎత్తి చూస్తున్నాడో డీఎం అడగకపోతే, గడియలో విషపు సూది ఉన్నప్పుడు జరిగే ప్రతిదీ అన్యాయంగానే తోస్తుంది. "అలా చేస్తే ఏమవుతుందనుకుంటున్నావు?" అన్న ప్రశ్న మర్యాదగా అడిగితే ఆటగాడే తన మనసులోని బొమ్మను చెబుతాడు. ఆ బొమ్మ డీఎం మనసులో ఉన్నదానికి భిన్నంగా ఉంటే, దిద్దవలసినది అప్పుడే; పాత్ర కళ్లకు కనిపించేది ఆటగాడికి తెలియకపోవడం ఆటగాడి తప్పు కాదు.

ఆ తర్వాత చూడవలసింది, అసలు పాచిక అవసరమా అన్నది. మంచం కింద తాళంచెవి ఉంది, ఆటగాడు మంచం కిందకు వంగి చూస్తానన్నాడు, దొరికింది, అంతే. అక్కడ పర్సెప్షన్ (గమనించే నేర్పు) పాచిక వేయించి, తక్కువ పడిందని లేదనడం నియమపాలన అనిపించుకోదు. అలాగే ఏ విధంగానూ జరగని పనికి కూడా పాచిక వేయించకూడదు. రాజును తన సింహాసనం ఇచ్చేయమని అడిగిన బార్డ్‌కు (గాయకుడి పాత్రకు) ఇరవై ముఖాల పాచిక మీద 20 పడినా రాజ్యం రాదు. 2014 నియమాల ప్రకారం దాడిలో 20 పడితే తప్పక తగులుతుంది కాని, సామర్థ్య పరీక్షలో 20 పడినంత మాత్రాన గెలుపు ఖాయం కాదు. 2023లో వచ్చిన బాల్డర్స్ గేట్ 3 అనే కంప్యూటర్ ఆటలో మాత్రం అది ఖాయమే కాబట్టి, ఆ దారిన వచ్చిన కొత్త ఆటగాళ్లకు ఈ తేడా మొదటి సెషన్‌లోనే చెప్పడం మంచిది. గెలవలేని పనికి పాచిక వేయనిచ్చి, 20 పడ్డాక "అయినా కుదరదు" అంటే ఆ ఆటగాడి నిరాశకు కారణం డీఎం.

ఇక నియమం ఉందా అన్న వెతుకులాట. ఎవరికైనా గుర్తుంటే సరే, లేదా పేజీ తీయడానికి నిమిషం పడితే సరే. అంతకు మించితే తాత్కాలిక తీర్పు చెప్పి, ఆట ముగిశాక వెతకాలి. కాని నియమం కళ్ల ముందు స్పష్టంగా కనిపించినప్పుడు, అది నచ్చకపోయినా ఆ రోజుకు దాన్నే పాటించాలి. ఎత్తు నుంచి పడడం ఇందుకు మంచి ఉదాహరణ. ప్రతి పది అడుగులకూ ఒక ఆరు ముఖాల పాచిక చొప్పున, గరిష్ఠంగా 20 పాచికల నష్టం అని పుస్తకం చెబుతుంది. అంటే ఎంత లోయలో పడినా నష్టం 120 దాటదు, సగటున 70 ఉంటుంది. ఇరవయ్యవ స్థాయి ఫైటర్‌కు (యోధుడి పాత్రకు) 184 హిట్ పాయింట్లు, అంటే దెబ్బలు తట్టుకునే ప్రాణబలం, ఉండడం మామూలే కనుక అతను లోయలోకి దూకి, దుమ్ము దులుపుకుని నడిచి వెళ్లగలడు. ఇది వింతగా తోచే డీఎం, లోయలో పడితే చావేనని తన ఆటలో మార్చుకోవచ్చు. ఆ మాట క్యాంపెయిన్ (అనేక సెషన్లు సాగే కథ) మొదట్లోనో, కనీసం ఆటగాడు లోయ అంచున నిలబడి ఉన్నప్పుడో చెప్పాలి. దూకేశాక చెప్పే హక్కు ఎవరికీ లేదు.

వెల కట్టడం

పాచిక అవసరమని తేలింది, నియమం లేదు. ఇప్పుడు డీఎం ఒక అంకె చెప్పాలి; పాచిక మీద పడినదీ పాత్ర సామర్థ్యమూ కలిసి చేరుకోవలసిన ఈ అంకెను డీసీ అంటారు. ఐదవ ఎడిషన్ ఇచ్చే మెట్లు గుర్తుంచుకోవడానికి తేలిక: చాలా సులువైతే 5, సులువైతే 10, మధ్యస్థమైతే 15, కష్టమైతే 20, చాలా కష్టమైతే 25, దాదాపు అసాధ్యమైతే 30. ఆచరణలో మొదటి స్థాయి నుంచి పదవ స్థాయి వరకు జరిగే పనుల్లో ఎక్కువ భాగానికి 10, 15, 20 సరిపోతాయి. పరిస్థితి అనుకూలంగా ఉంటే అడ్వాంటేజ్, ప్రతికూలంగా ఉంటే డిసడ్వాంటేజ్, అంటే రెండు పాచికలు వేసి పెద్దదో చిన్నదో తీసుకోవడం. ఈ సాధనం ఎంత బలమైనదో డీఎంకు అంకెల్లో తెలిసి ఉండాలి. పాచిక మీద 11 లేదా అంతకన్నా ఎక్కువ పడాల్సిన చోట గెలుపు అవకాశం 50 శాతం; అడ్వాంటేజ్ ఇస్తే అది 75 శాతానికి పెరుగుతుంది, డిసడ్వాంటేజ్ పెడితే 25కు పడిపోతుంది. చిన్నచిన్న విషయాలకు దాన్ని ధారాళంగా పంచిపెడితే, అదే అడ్వాంటేజ్‌ను తమ వర్గం (రోగ్, విజార్డ్ వంటి పాత్ర రకం) సామర్థ్యంగా సంపాదించుకున్న పాత్రల విలువ తగ్గిపోతుంది.

ఇప్పుడు ఓగర్ దగ్గరకు వద్దాం. నూనె పోయడానికి రోగ్ యాక్షన్, అంటే తన వంతులో చేయగల ముఖ్యమైన పని, ఖర్చవుతుంది. రెండవ స్థాయికి చేరిన రోగ్ అయితే కన్నింగ్ యాక్షన్ అనే సామర్థ్యం సాయంతో బోనస్ యాక్షన్‌లో (అదనపు చిన్న పనిగా) పరుగందుకోవచ్చు. అది ఆ వర్గానికి పుస్తకం ఇచ్చిన మాట కనుక అడ్డుపెట్టకూడదు. ఓగర్ ఆ నడవాను నిండుగా ఆక్రమించే ఒడ్డూపొడుగూ ఉన్నది, నూనెను చుట్టి పోలేదు. కనుక పరుగున వస్తే జారే ప్రమాదం ఉంది. డెక్స్‌టెరిటీ (చురుకుదనం) సేవింగ్ త్రో, అంటే ప్రమాదం తప్పించుకునే పరీక్ష, డీసీ 10 అనుకుందాం. ఓగర్ డెక్స్‌టెరిటీ 8, అంటే ఒకటి తగ్గుతుంది. పాచిక మీద 11 పడాలి. పడిపోయే అవకాశం సరిగ్గా సగం. అదే మొదటి స్థాయి విజార్డ్, ఇంటెలిజెన్స్ 16 ఉన్నవాడు, గ్రీజ్ మంత్రం వేస్తే డీసీ 13; ఓగర్‌కు 14 పడాలి, పడిపోయే అవకాశం 65 శాతం. మంత్రం పది అడుగుల చదరాన్ని కప్పుతుంది, ఒక నిమిషం ఉంటుంది, నడకనూ కష్టం చేస్తుంది, అందుకు విజార్డ్ రోజుకు పరిమితంగా ఉండే మంత్రావకాశాల్లో (స్లాట్లలో) ఒకటి ఖర్చుపెడతాడు. నూనె చేసేది అంతకన్నా తక్కువే, ఖర్చూ తక్కువే. ఇద్దరికీ న్యాయం జరిగింది. డీసీ 15 పెట్టి ఉంటే అంగట్లో కొన్న సీసా మంత్రాన్ని మించిపోయి ఉండేది.

ఈ లెక్కంతా బల్ల దగ్గర వేసుకోనక్కర లేదు. ఇదే పని చేసే మంత్రమో, వర్గ సామర్థ్యమో ఏదైనా ఉందా అని తలచుకుని, తీర్పు దానికన్నా ఒక మెట్టు కింద ఉండేలా చూసుకుంటే చాలు. ఇంకా ఒక విషయం మిగిలి ఉంది: ఓగర్ మందబుద్ధిదే అయినా గుడ్డిది కాదు. కళ్ల ముందే నూనె పోయడం చూసింది కనుక నెమ్మదిగా, సగం వేగంతో దాటాలనుకుంటే పాచిక అవసరం ఉండకూడదు. అప్పటికి రోగ్ కోరుకున్న దూరం ఎలాగూ దక్కుతుంది. కోపంతో ఊగిపోతున్న ఓగర్ అలా ఆలోచిస్తుందా అన్నది డీఎం నిర్ణయం.

చివరగా, పాచిక చేతిలోకి తీసుకోకముందే ఈ మాటలన్నీ పైకి చెప్పాలి: "నూనె పోయడానికి నీ యాక్షన్ పోతుంది. పరుగున వస్తే ఓగర్ పది మీద సేవ్ వేస్తుంది, తప్పితే పడిపోతుంది. జాగ్రత్తగా నడిచి వస్తే పడదు కాని నీకు దూరం దొరుకుతుంది. చేస్తావా?" ఆటగాడు వద్దనుకుంటే మానుకునే అవకాశం ఉండాలి. అతని పాత్ర ఆ లోకంలో పుట్టి పెరిగింది, నూనె సంగతి ఆటగాడికన్నా దానికే బాగా తెలుసు. ఇలా ముందే వెల చెప్పి బేరం కుదిరాక పడిన పాచికను ఎవరూ ప్రశ్నించరు, ఎందుకంటే షరతులకు అందరూ ఒప్పుకున్నారు.

ఎన్నిసార్లు వేయించాలి

డీసీ 12 పెట్టాలా, 14 పెట్టాలా అని తర్జనభర్జన పడే డీఎంలు, అంతకన్నా ఎన్నో రెట్లు ఫలితాన్ని మార్చే నిర్ణయాన్ని గమనించకుండానే తీసుకుంటూ ఉంటారు. నలుగురు సభ్యుల బృందం కాపలావాళ్ల కంటపడకుండా కోటగోడ వెంట పోతోంది. ఒక్కొక్కరికీ గెలుపు అవకాశం 70 శాతం. నలుగురూ వేయాలి, ఒక్కరు తప్పినా దొరికిపోతారు అంటే, బృందం బయటపడే అవకాశం 24 శాతం. నలుగురూ వేస్తారు, కనీసం సగంమంది నెగ్గితే బృందం నెగ్గినట్టే అనే సామూహిక పరీక్ష నియమం పాటిస్తే అదే అవకాశం సుమారు 92 శాతం. అంకె ఒక్కటీ మారలేదు, అడిగిన తీరు మాత్రమే మారింది. మొదటి పద్ధతిలో గోడ దగ్గర ఒకసారి, ద్వారం దగ్గర ఇంకొకసారి వేయించారనుకోండి, అవకాశం 6 శాతానికి దిగజారుతుంది. అలాంటి డీఎం తనకు తెలియకుండానే, ఈ లోకంలో దొంగతనంగా ఏ పనీ సాధ్యం కాదని శాసించినట్టు అవుతుంది. కొన్నాళ్లకు ఆ బృందం ప్రతి సమస్యనూ కత్తితోనే తేల్చుకుంటుంది.

కనుక ఒక ప్రయత్నానికి ఒకే పరీక్ష, దాని ఫలితం పరిస్థితి మారేదాకా చెల్లుతుంది. తాళం తీసే పని కూడా ఇంతే. వెనక ఎవరూ తరమడం లేదు, సమయం బోలెడంత ఉంది, రోగ్‌కు నేర్పు ఉంది అంటే తాళం తెరుచుకుంటుంది, పాచిక వద్దు. కాపలావాళ్లు పది నిమిషాల్లో తిరిగి వస్తారంటే ఒక పాచిక. తప్పితే తాళం తెరుచుకునే లోపు అడుగుల చప్పుడు వినబడుతుంది. తప్పినందుకు ఏమీ జరగని చోట, పడేదాకా మళ్లీ మళ్లీ వేయనివ్వడం వల్ల సాయంత్రం గడిచిపోతుంది గాని కథ కదలదు.

చేయి పెట్టకూడని చోట్లు

విచక్షణ ఎంత మంచిదైనా, దానికి తలుపు మూసి ఉంచవలసిన చోట్లు ఉన్నాయి. మిగిలిన హిట్ పాయింట్లు, మంత్రం ఏం చేస్తుందని రాసి ఉందో అది, వర్గ సామర్థ్యాలు, చావుబతుకుల పరీక్ష. సున్నాకు చేరిన పాత్ర ప్రతి టర్న్ మొదట్లో పాచిక వేస్తుంది; 10 లేదా అంతకన్నా ఎక్కువ పడితే ఒక గెలుపు, తక్కువైతే ఒక ఓటమి, మూడు గెలుపులకు నిలకడ, మూడు ఓటములకు మరణం. 1 పడితే రెండు ఓటములు, 20 పడితే ఒక హిట్ పాయింట్‌తో లేచి కూర్చోవడం. ఆ పాచిక వేసేటప్పుడు బల్ల చుట్టూ మాటలు ఆగిపోతాయి. అది డీఎం దయ మీద ఆధారపడి లేదని అందరికీ తెలుసు కాబట్టే అంత ఉత్కంఠ.

తెర వెనక పాచిక వేసుకుంటే ఫలితాన్ని కావాలంటే మార్చుకోవచ్చని 2014 నాటి డీఎం పుస్తకమే ఒప్పుకుంటుంది. నేను దానితో ఏకీభవించను. పంచిన ముక్కలు చూసుకున్నాక రమ్మీలో జోకరు మార్చడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. మార్చినవాడి ఉద్దేశం మంచిదైనా ఆ ఆటను గెలిచినవాడికి గెలుపు దక్కదు. ఆటగాళ్లు ఎప్పుడో ఒకప్పుడు పసిగడతారు. ఆ రోజు నుంచి, అంతకుముందు ప్రాణాల మీదకు తెచ్చుకుని గెలిచిన ప్రతి యుద్ధం మీదా అనుమానం పడుతుంది.

మరి మొదటి సెషన్‌లోనే, మొదటి రౌండ్‌లోనే కొత్త ఆటగాడి పాత్ర చచ్చిపోతే చూస్తూ ఊరుకోవాలా? ఊరుకోనక్కర లేదు, కాని చేయవలసినది ముందే చేయాలి. ఓగర్ గద దెబ్బ సగటున 13, క్రిటికల్ (పాచిక మీద 20 పడిన దెబ్బ) అయితే 22. మొదటి స్థాయి విజార్డ్‌కు 8 హిట్ పాయింట్లు ఉన్నాయనుకుందాం. మామూలు దెబ్బకు పడిపోయి ప్రాణంతో కొట్టుకుంటాడు. క్రిటికల్ తగిలితే సున్నాకు చేరాక మిగిలిన నష్టం 14, అది అతని పూర్తి హిట్ పాయింట్లకన్నా ఎక్కువ కనుక అక్కడికక్కడే మరణం. ఈ లెక్క తెలిసిన డీఎం మొదటి స్థాయి బృందం మీదకు ఓగర్‌ను పంపేటప్పుడే దాని ఉద్దేశం నిర్ణయించుకుంటాడు. అది బందీల కోసం వచ్చిందా? దగ్గరి దాడితో ఎవరినైనా సున్నాకు దించినప్పుడు, చంపకుండా స్పృహ తప్పించే హక్కు దాడి చేసినవారికి నియమాల్లోనే ఉంది. ఓగర్ మెడలో సంకెళ్లు వేలాడుతున్నాయని మొదటి వర్ణనలోనే చెబితే, విజార్డ్‌ను భుజాన వేసుకుని పోవడం పాచికను తారుమారు చేయడం అనిపించుకోదు, కథ కొత్త మలుపు తిరగడం అవుతుంది. దయ చూపదలచుకున్న డీఎంకు నియమాల్లో ఇలాంటి దారులు చాలానే ఉన్నాయి, వెతికితే దొరుకుతాయి.

నియమాన్ని భౌతికశాస్త్రంగా చదివినప్పుడు

కొందరు ఆటగాళ్లు పూర్తిగా వ్యతిరేక దిశ నుంచి వస్తారు. వేలాది రైతులను వరసగా నిలబెట్టి, ప్రతి ఒక్కరూ తన రెడీ యాక్షన్‌తో (ముందే సిద్ధపరచుకున్న పనితో) పక్కవాడికి ఒక కర్ర అందిస్తే, ఆరు సెకన్ల రౌండ్‌లో ఆ కర్ర మైళ్ల దూరం పోతుంది కాబట్టి చివర అది తుపాకీ గుండులా పేలాలన్న వాదన ఈ ఆట లోకంలో బాగా పేరుపొందింది. దీనికి కోప్పడనక్కర లేదు. కర్ర చేతులు మారడానికి పుస్తకాన్నీ, చివర నష్టం లెక్కకు నిజ లోకపు వేగాన్నీ వాడుకోవడం ఇందులోని మెలిక. పుస్తకమే కావాలంటే చివరి రైతు విసిరిన కర్ర మామూలు కర్రే, నష్టం ఒక నాలుగు ముఖాల పాచిక. లోక సహజం కావాలంటే ఆరు సెకన్లలో కర్ర అంత దూరం పోనే పోదు. రెండింటిలో ఏదో ఒకటి ఎంచుకోమని ఆటగాడికే చెప్పాలి. 2024 నాటి డీఎం పుస్తకం కూడా నియమాలు ఉన్నది ఆట కోసమేనని, లోకపు భౌతికశాస్త్రాన్ని వర్ణించడానికి కాదని నేరుగా రాసింది.

తీర్పు మీద వాదన వచ్చినప్పుడు

మన బృందాల్లో తరచు కనిపించే ఒక పరిస్థితిని ఇక్కడ ప్రత్యేకంగా చెప్పాలి. పుస్తకాలు ఇంగ్లీషులో ఉంటాయి, ఖరీదూ ఎక్కువ. బృందంలో ఒకరిద్దరే కొని చదువుతారు, సాధారణంగా వారిలో ఒకరే డీఎం అవుతారు, తరచు వయసులోనూ పెద్దవారై ఉంటారు. "అన్నా" అని పిలిచే చిన్నవారు ఆ డీఎం తీర్పు తప్పనిపించినా నోరు మెదపరు. ఆ మౌనాన్ని అంగీకారంగా తీసుకోకూడదు. తీర్పు చెప్పాక, ముఖ్యంగా అది ఎవరి పాత్రకైనా నష్టం చేసినప్పుడు, "నీకు ఇది న్యాయంగా అనిపిస్తోందా, ఇంకోలా ఉండాలంటావా?" అని పేరు పెట్టి అడగాలి. ఆటగాళ్లు అభ్యంతరం చెప్పడానికి అలవాటుపడే వరకు డీఎంకే ఆ బాధ్యత.

ఎదురు వాదించే ఆటగాడు ఉన్నచోట మరో క్రమం పాటించాలి. అతనికి తన మాట ఒకసారి పూర్తిగా చెప్పే అవకాశం ఇవ్వాలి. డీఎం నిర్ణయం చెప్పాక ఆ సెషన్‌కు అదే చెల్లాలి. పాత్ర ప్రాణం మీద సందేహం ఉన్నప్పుడు మాత్రం తీర్పు ఆటగాడి వైపు మొగ్గాలి, ఎందుకంటే తర్వాత పుస్తకం చూసి తప్పని తేలినా, బతికి ఉన్న పాత్రతో సర్దుకోవడం సులువు, చచ్చిన పాత్రను వెనక్కు తేవడం కష్టం. ఇంటికి వెళ్లాక నియమం వేరేలా ఉందని తెలిస్తే, వచ్చే సెషన్ మొదట్లో "ఇకనుంచి పుస్తకం ప్రకారమే" అని ప్రకటించాలి. జరిగిపోయిన యుద్ధాన్ని తిరగదోడకూడదు.

రోల్20 వంటి ఆన్‌లైన్ వేదికల మీద ఆడేవారికి ఇంకో చిక్కు ఉంది. అక్కడ దాడి, నష్టం వంటి లెక్కల్లో చాలా భాగం యంత్రమే వేస్తుంది కాబట్టి, బొత్తాం లేని పనిని ఆటగాళ్లు ఊహించడం మానేస్తారు. నూనె సీసా ఆలోచన అక్కడ రావాలంటే డీఎం అప్పుడప్పుడు, "కాగితం మీద ఉన్నది కాకుండా, ఈ గదిలో ఉన్నదానితో ఏం చేయగలరో చెప్పండి" అని గుర్తుచేయవలసి ఉంటుంది. అడ్వెంచరర్స్ లీగ్, పాత్‌ఫైండర్ సొసైటీ వంటి వ్యవస్థీకృత ఆటల సంగతి వేరు. ఒకే పాత్ర అనేక ఊళ్లలో, అనేకమంది డీఎంల దగ్గర ఆడుతుంది కనుక అక్కడ పుస్తకానికి దగ్గరగా ఉండడమే ఆటగాడికి న్యాయం. సొంత నియమాలు చేర్చే పని పెట్టుకోకూడదు.

సొంత బృందంలో ఆడే డీఎం మాత్రం ప్రతి సెషన్‌లో చెప్పిన కొత్త తీర్పులను ఒక నోటుపుస్తకంలో, ఒక్కొక్కటి ఒక్క వాక్యంలో రాసుకోవాలి: నూనె మీద పరుగు, డెక్స్‌టెరిటీ సేవ్, డీసీ 10, తప్పితే పడిపోవడం, నెమ్మదిగా నడిస్తే పాచిక లేదు. రేపు గాబ్లిన్లు అదే నూనెను ఆటగాళ్ల కాళ్ల కింద పోసినప్పుడు అదే వాక్యం వర్తించాలి. అదే సందర్భం మళ్లీ మళ్లీ వస్తోందని కనిపిస్తే దాన్ని బృందం ముందు చదివి, మార్పులు అడిగి, ఒప్పుకున్నాక ఆ బల్ల నియమాల జాబితాలో చేర్చి, అందరికీ వాట్సాప్‌లో పంపాలి. అప్పటి నుంచి అది కూడా ముందుగా ఇచ్చిన మాటే కనుక, డీఎం సైతం దాన్ని ఒంటరిగా మార్చకూడదు.